గుర్రం ఎత్తు ఎన్ని చేతులు?



విజయనగరం పైడితల్లమ్మ గుడి దగ్గర పూలు కొనని వాళ్ళు మన వైపు తక్కువ. మూర మల్లెలు ఇంత అని బేరం ఆడతాం. పూలమ్మి తన చేత్తో కొలుస్తుంది. మోచేతి నుంచి నడిమివేలు కొస దాకా ఒక మూర. పూలమ్మి చెయ్యి పొట్టిదైతే దండ కూడా పొట్టిదే. "నీ మూర కాదమ్మా, నా మూరతో కొలు" అని కొనే మనిషి చెయ్యి చాపుతుంది. అక్కడే తగువు మొదలు.

ధాన్యం సంగతి ఇంకా ఘోరం. అప్పు ఇచ్చేటప్పుడు చిన్న కుంచం, తిరిగి తీసుకునేటప్పుడు పెద్ద కుంచం. ఈ మాట మీ అమ్మలు, అమ్మమ్మలు చెప్పే ఉంటారు. కొలత ఎవరి చేతిలో ఉంటే లాభం వాళ్ళది.

ఈ రోజు చెప్పుకునేది పూల గురించి కాదు, ధాన్యం గురించి కాదు. గుర్రం గురించి. గుర్రాన్ని కూడా చేత్తోనే కొలుస్తారు.

"గుర్రాన్నేటి, చేత్తో కొలవడమేటి?" అని నవ్వకండి. ఒకప్పుడు ఈ కొలత మీదే గుర్రం ధర, రౌతు జీతం, రాజుగారి ఖర్చు ఆధారపడేవి. ఆ ఖర్చు చివరికి ఎవరి నెత్తిన పడేదో మీకు వేరే చెప్పనక్కరలేదు. రైతు కట్టే శిస్తులోంచే గుర్రానికి దాణా వచ్చేది.

ముందు కొలత చూద్దాం. మనిషి ఎత్తు అంటే పాదం నుంచి నడినెత్తి దాకా. గుర్రానికి అలా కుదరదు. గుర్రం తల ఒక చోట ఉండదు. పైకెత్తితే ఒక ఎత్తు, మేతకు వంచితే ఒక ఎత్తు. అందుకని మూపు దగ్గర కొలుస్తారు. మన ఎద్దుకు మూపురం ఉంది కదా. గుర్రానికి మూపురం లేదు. కాని మెడ వచ్చి వీపుతో కలిసే చోట, జూలు అయిపోయే చోట, ఎముక కొంచెం పైకి లేచి ఉంటుంది. వేలితో తడిమితే తెలుస్తుంది. అదే మూపు. గుర్రం తల ఎత్తినా దించినా ఆ ఎముక పెద్దగా కదలదు. నేల నుంచి ఆ ఎముక దాకా ఎంతో, అదే గుర్రం ఎత్తు.

గుర్రాన్ని చదును నేల మీద నిలబెట్టాలి. గచ్చు అయితే మంచిది. ముందు కాళ్ళు రెండూ ఒకే వరుసలో ఉండాలి. కాళ్ళు చాపి నిలబడకూడదు. మెడ మామూలుగా ఉండాలి. ఒక నిలువు కర్ర పక్కన పెడతారు. దాని మీద గీతలు, అంకెలు ఉంటాయి. కర్రకు అడ్డంగా ఒక చిన్న బద్ద ఉంటుంది. అది పైకీ కిందికీ జరుగుతుంది. బద్ద వచ్చి మూపు మీద ఆనిన చోట అంకె చదువుతారు. ఆసుపత్రిలో పిల్లల ఎత్తు కొలిచే కర్ర చూశారు కదా, అలాంటిదే. కర్ర వాలిపోతే లెక్క తప్పు వస్తుంది. గుర్రం బెదిరితే ఇంకా తప్పు వస్తుంది. అందుకే ముందు కర్రను వాసన చూడనిచ్చి, మచ్చిక చేసి, అప్పుడు కొలుస్తారు.

ఇప్పుడు అంకె సంగతి. నాలుగు వేళ్ళు దగ్గరగా పెడితే ఆ వెడల్పును మనం బెత్తెడు అంటాం. దానికి బొటనవేలు కూడా కలిపితే సుమారు నాలుగు అంగుళాలు వస్తుంది. ఇంగ్లీషువాళ్ళు ఈ వెడల్పుతో గుర్రాన్ని కొలిచారు. నేల నుంచి మూపు దాకా చెయ్యి మీద చెయ్యి అడ్డంగా పెట్టుకుంటూ పోవడం. అందుకే దానికి 'హ్యాండ్' అని పేరు. హ్యాండ్ అంటే చెయ్యి. వాళ్ళకీ మన పూలమ్మి తగువే వచ్చింది. ఎవరి చెయ్యి? పెద్ద చెయ్యి మనిషి కొలిస్తే 14, చిన్న చెయ్యి మనిషి కొలిస్తే 16. ఇంగ్లండులో ఎనిమిదో హెన్రీ అనే రాజు కాలంలో, అంటే 1500ల మధ్యలో, చెయ్యి అంటే నాలుగు అంగుళాలని చట్టం చేశారు. ఆ రాజుకు పెద్ద గుర్రాల పిచ్చి. యుద్ధానికి పనికిరాని పొట్టి మగ గుర్రాలను ఉమ్మడి బీడులో మేతకు వదలకూడదని కూడా చట్టం చేయించాడు.

ఒక చెయ్యి నాలుగు అంగుళాలు. 15 చేతుల గుర్రం అంటే 60 అంగుళాలు. పన్నెండు అంగుళాలు ఒక అడుగు కదా, అంటే సరిగ్గా అయిదు అడుగులు. సెంటీమీటర్లలో 152. మనలో చాలామంది ఆడవాళ్ళ ఎత్తు ఇంచుమించు అంతే. అంటే ఆ గుర్రం వీపు మన నడినెత్తితో సమానం. మెడ, తల ఇంకా పైన.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కొత్తగా లెక్కలు నేర్చినవాళ్ళు జాగ్రత్తగా చూడాలి. 15.2 అని రాస్తే పదిహేను దశాంశం రెండు కాదు. పదిహేను చేతుల రెండు అంగుళాలు. 15.3 తరవాత 15.4 రాదు. నాలుగు అంగుళాలు అయ్యేసరికి ఇంకో చెయ్యి నిండిపోతుంది. అందుకని 15.3 తరవాత 16. పాత రోజుల్లో పదహారు అణాలకు రూపాయి నిండినట్టు.

14.2 దాకా ఉన్నదాన్ని తట్టు గుర్రం అంటారు. అంటే 58 అంగుళాలు. ఆ పైన ఉంటేనే పెద్ద గుర్రం కింద లెక్క. మన ఊళ్ళల్లో జట్కాబళ్ళు లాగిన గుర్రాలు చాలావరకు తట్టువలే.

కొలత ఉన్న చోట మోసం ఉంటుంది. అమ్మేవాడు గుర్రం గిట్టలు కత్తిరించకుండా పెంచుతాడు. అర అంగుళం లాభం. మందం లాడాలు కొట్టిస్తాడు. ఇంకొంచెం లాభం. గుర్రాన్ని మెరక మీద నిలబెట్టి, కొనేవాణ్ణి పల్లంలో నిలబెడతాడు. ఇంక గుర్రం కొండంత కనపడుతుంది. తట్టువల పందెంలో దింపాలంటే ఇదే మోసం తిరగబడుతుంది. అప్పుడు కాళ్ళు చాపించి, మెడ వంచించి, ఎత్తు తగ్గిస్తారు. గుర్రానికి ఇవేవీ తెలీవు. అది నిలబెట్టిన చోట నిలబడుతుంది.

సరే. ఒక బెత్తెడు ఎక్కువైతే ఏమిటి, తక్కువైతే ఏమిటి? యుద్ధంలో చాలా తేడా ఉంది.

గుర్రం మీద మనిషి ఒక్కడే ఉండడు. జీను ఉంటుంది. కత్తి, ఈటె, తుపాకీ ఉంటాయి. దుప్పటి, నీళ్ళ తిత్తి, గుర్రానికి ఒక పూట దాణా ఉంటాయి. ఇంగ్లీషువాళ్ళ రౌతు అన్నీ కట్టుకుని ఎక్కితే 115, 120 కిలోలు అయ్యేది. గుర్రం సుఖంగా మోసేది తన బరువులో ఐదో వంతు. 250 కిలోల తట్టువకు అది 50 కిలోలు. 450 కిలోల పెద్ద గుర్రానికి 90 కిలోలు. అంటే పెద్ద గుర్రానికి కూడా ఆ బరువు మించినదే. తట్టువ మీద ఆ బరువు వేసి పరిగెత్తిస్తే నాలుగు రోజుల్లో వీపు పుండు పడుతుంది, కాళ్ళు వాస్తాయి.

ఎత్తు గుర్రానికి అంగ పెద్దది. గుర్రం మామూలుగా నడిస్తే గంటకు ఆరు కిలోమీటర్లు. దౌడు తీస్తే 40. ఎత్తున కూర్చున్న రౌతుకు దూరం కనపడుతుంది. పైనుంచి కిందికి కత్తి వెయ్యడం తేలిక. నేల మీద నిలబడ్డ బంటుకు పైకి వెయ్యడం కష్టం. గుర్రపు దండు ముందుగా వెళ్ళి శత్రువు ఎక్కడున్నాడో చూసి వచ్చేది. వార్త మోసేది. శత్రువుకు బియ్యం, మందుగుండు రాకుండా దారి కాసేది. రెండు సేనలు పోరాడుతుంటే పక్కనుంచి వచ్చి పడేది. శత్రువు పారిపోతే తరిమేది. పారిపోయే బంటు గుర్రానికి దొరకకుండా పోవడం కష్టం.

అలాగని ఎత్తు పెరిగిన కొద్దీ మంచిదనుకోకండి. మరీ పెద్ద గుర్రం ఎక్కువ తింటుంది. ఎండకు తొందరగా అలిసిపోతుంది. మరాఠావాళ్ళు చిన్న గుర్రాల మీదే దేశమంతా తిరిగారు. వాళ్ళ గుర్రాలు దొరికింది తిని, రోజుల తరబడి నడిచేవి. బరువు తక్కువ, సామాను తక్కువ. అది వాళ్ళ కిటుకు.

మన దేశంలో ఈ కొలత కొత్తది కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో గుర్రాల అధికారి గురించి ఒక అధ్యాయం ఉంది. మేలైన గుర్రానికి ముఖం 32 వేళ్ళ పొడవు ఉండాలని, ఎత్తు 80 వేళ్ళు ఉండాలని అందులో ఉంది. ఇక్కడ వేలు అంటే వేలి వెడల్పు. అది ముప్పావు అంగుళం అనుకుని గుణించి చూడండి. 80 వేళ్ళు ఎంత? 60 అంగుళాలు. అంటే 15 చేతులు! ఎక్కడి కౌటిల్యుడు, ఎక్కడి ఇంగ్లండు! యుద్ధపు గుర్రానికి ఇద్దరూ ఒకే ఎత్తు దగ్గరికి వచ్చారు.

ఇక మన సీమ సంగతి. శ్రీకాకుళం, విజయనగరం ఒకప్పుడు కళింగం. ఇక్కడ ఏలిన గజపతులు పేరులోనే ఏనుగును పెట్టుకున్నారు. అడవి దగ్గర, ఏనుగులు దగ్గర. గుర్రం అలా కాదు. తడి నేల, ముసురు వానలు, వరి మడులు గుర్రానికి పడవు. గిట్టలు మెత్తబడి పాడవుతాయి. పొడి నేల, గట్టి గడ్డి ఉన్న చోటే అది బాగా పెరుగుతుంది. అందుకే తూర్పు తీరంలో మంచి గుర్రం అంటే కొనితెచ్చుకున్న సరుకే. చాలావరకు ఓడలో వచ్చిన సరుకు.

అరబ్బు దేశాల నుంచి, పారసీక తీరంలో హొర్ముజు అనే రేవు నుంచి గుర్రాలు సముద్రం మీద వచ్చేవి. ఓడలో గుర్రం వారాల తరబడి నిలబడే ఉండాలి. తుఫాను వస్తే కాళ్ళు విరిగేవి. చాలా చచ్చిపోయేవి. విజయనగర సామ్రాజ్యం గురించి నూనిజ్ అనే పోర్చుగీసు మనిషి రాసిన వింత ఒకటి వినండి. ఆ విజయనగరం హంపీ దగ్గరది, మన విజయనగరం కాదు. సాళువ నరసింహరాయలు 1485 నుంచి ఏలాడు. మూడు గుర్రాలకు వెయ్యి బంగారు నాణేలు ఇచ్చేవాడట. దారిలో చచ్చిన గుర్రానికి కూడా డబ్బు ఇచ్చేవాడట. వర్తకుడు చచ్చిన గుర్రం తోక కోసి తెచ్చి చూపిస్తే చాలు. తోకకు బతికిన గుర్రం ధర!

రాజు పిచ్చివాడు కాదు. వర్తకుడికి నష్టం భయం ఉంటే గుర్రాలు తేవడం మానేస్తాడు. గుర్రాలు రాకపోతే యుద్ధంలో ఓటమి. అందుకని తోకలు కొన్నాడు. తరవాత ఏలిన శ్రీకృష్ణదేవరాయలు కళింగం మీద దండెత్తి మన సింహాచలం దాకా వచ్చాడు. 1516 నాటి శాసనం ఆ కొండ మీద ఇప్పటికీ ఉంది. ఆయన వెంట వచ్చిన గుర్రపు దండుకు పునాది ఈ ఓడ బేరాలే.

"గుర్రాలు, యుద్ధాలు అన్నీ మగాళ్ళ కతలే కదా" అని ఎవరైనా అనవచ్చు. ఓరుగల్లు రుద్రమదేవి పేరు విన్నారు కదా. 1200ల చివరి భాగంలో తెలుగు దేశాన్ని ఏలింది. శాసనాల్లో ఆమెను రుద్రదేవుడు అని మగ పేరుతో కూడా రాశారు. వరంగల్లు దగ్గర బొల్లికుంటలో ఒక రాతి బొమ్మ ఉంది. గుర్రం మీద కూర్చుని కళ్ళెం పట్టుకున్న రాణి బొమ్మ. అది రుద్రమదేవిదేనని పురావస్తు పరిశోధకులు గుర్తించారు. మరో శాసనం చందుపట్లలో దొరికింది. ఆమె 1289లో చనిపోయిందని దాని వల్లే తెలిసింది. అప్పటికి ఆమె ముసలిది. ఆమె సేనాని కూడా అదే సమయంలో పోయాడని ఆ శాసనం చెబుతుంది. అందుకే ఇద్దరూ యుద్ధంలోనే పోయి ఉంటారని చరిత్రకారులు అంటారు.

మళ్ళీ మన ఊరికి వద్దాం. గోల్కొండ నవాబుల కాలంలో శ్రీకాకుళంలో ఫౌజుదారు ఉండేవాడు. ఫౌజు అంటే సేన. శ్రీకాకుళం జుమ్మా మసీదు కట్టించిన షేర్ మహమ్మద్ ఖాను అలాంటి ఫౌజుదారే. ఫౌజుదారుల కింద గుర్రపు రౌతులు ఉండేవాళ్ళు. మన వైపు 'రౌతు' అన్నది ఇంటిపేరుగా ఇప్పటికీ ఉంది.

ఆ కాలపు రౌతుల్లో రెండు రకాలు. రాజుగారి గుర్రం ఎక్కేవాడు ఒకడు. సొంత గుర్రం తెచ్చుకునేవాడు ఒకడు. సొంత గుర్రం ఉన్నవాణ్ణి సిలేదారు అనేవాళ్ళు. వాడికి జీతం ఎక్కువ. కాని గుర్రం చస్తే కొత్త గుర్రం వాడే కొనుక్కోవాలి. ఇంటి ఆస్తి అంతా ఆ నాలుగు కాళ్ళ మీద నిలబడి ఉండేది. అందుకే సిలేదారు యుద్ధంలో ముందుకు ఉరకడానికి జంకుతాడని ఆ రోజుల్లోనే అనేవాళ్ళు. పిరికితనం కాదు. తను చచ్చినా ఫరవాలేదు, గుర్రం చస్తే పిల్లలేం తింటారు అన్న దిగులు. అద్దె ఆటో నడిపేవాడికీ, అప్పు చేసి సొంత ఆటో కొన్నవాడికీ రోడ్డు మీద ఉండే తేడా ఇదే.

మోసం ఇక్కడా ఉంది. జీతం లెక్క వేసే రోజున మంచి గుర్రాన్ని అరువు తెచ్చి చూపించేవాళ్ళు. యుద్ధానికి తట్టువ మీద వచ్చేవాళ్ళు. ఒకే గుర్రాన్ని ఇద్దరు ముగ్గురు చూపించి జీతాలు తీసుకునేవాళ్ళు. దీన్ని అరికట్టడానికి ఢిల్లీలో 1300 ప్రాంతంలోనే అల్లాఉద్దీన్ ఖిల్జీ గుర్రాలకు వాత వేయించాడు. ఇనుము కాల్చి ముద్ర వెయ్యడం. తరవాత అక్బరు మళ్ళీ తెచ్చాడు. రౌతు పోలికలు కాగితం మీద రాసి పెట్టేవాళ్ళు. గుర్రానికి ముద్ర, మనిషికి కాగితం. మాట మారవచ్చు, కాగితం మారదు. అది చదవగలిగినవాడిదే ఆ రోజున పైచెయ్యి.

గుర్రపు దండు వస్తే పల్లెలకు ఏమయ్యేది? 1754లో ఏం జరిగిందో చూడండి. అంతకు ముందు ఏడాదే నిజాం శ్రీకాకుళం సర్కారును ఫ్రెంచివాళ్ళకు ఇచ్చేశాడు. ఫౌజుదారు జాఫర్ అలీ ఖానుకు అది నచ్చలేదు. కొండలు దాటి నాగపూరు మరాఠాల దగ్గరికి వెళ్ళి సాయం అడిగాడు. వేల మంది రౌతులు కనుమల్లోంచి మన మైదానంలోకి దిగారు. దోచుకున్నారు. తిరిగి వెళ్ళిపోయారు.

దోచుకోవడం అంటే బంగారం ఒక్కటే అనుకుంటున్నారా? లెక్క వెయ్యండి. ఒక గుర్రానికి రోజుకు ఎండు మేత, గింజలు కలిపి ఎనిమిది పది కిలోలు కావాలి. పచ్చిగడ్డి అయితే 30 కిలోల దాకా కావాలి. నీళ్ళు 30, 40 లీటర్లు. వెయ్యి గుర్రాలు ఒక ఊరి పక్కన ఒక్క రాత్రి దిగితే పది వేల కిలోల మేత. అది ఎవరి గడ్డిమేటు? ఎవరి చోడి చేను? ఆ తెల్లారి ఆ ఊరి పశువులకు ఏం మిగులుతుంది?

1757 జనవరి 24న బొబ్బిలి యుద్ధం జరిగింది. ఆ కత మీకు తెలుసు. బుర్రకథల్లో విన్నారు. ఫ్రెంచి బుస్సీ, విజయనగరం విజయరామరాజు ఒక వైపు. బొబ్బిలి రంగారావు ఒక వైపు. కోట లోపల ఆడవాళ్ళకు, పిల్లలకు ఏం జరిగిందో తలుచుకుంటే ఇప్పటికీ కన్నీళ్ళు వస్తాయి. తరవాత తాండ్ర పాపారాయుడు రాత్రివేళ గుడారంలోకి వెళ్ళి విజయరామరాజును చంపాడు. మన చర్చకు కావలసిన సంగతి ఒకటి ఉంది. ఆ యుద్ధాన్ని గుర్రాలు తేల్చలేదు. మట్టికోట, చుట్టూ అడవి. గుర్రం గోడ ఎక్కలేదు కదా. ఫిరంగులే తేల్చాయి.

ఆ మరుసటి ఏడు, 1758 డిసెంబరులో, పిఠాపురం దగ్గర చందుర్తిలో ఇంకో యుద్ధం. చనిపోయిన విజయరామరాజు తరవాత వచ్చిన ఆనంద గజపతిరాజు ఇంగ్లీషువాళ్ళతో కలిసి ఫ్రెంచివాళ్ళ మీద పోరాడాడు. ఆయన దగ్గర 500 మంది రౌతులు, 5,000 మంది కాలిబంట్లు ఉన్నారని ఓర్మ్ అనే ఇంగ్లీషు చరిత్రకారుడు రాశాడు. ఆ గుర్రాలను నాసిరకం అని తీసిపారేశాడు. ఆయన లెక్కలో అవి తట్టువలు అయి ఉంటాయి. తెల్లవాడి కన్ను కదా, కొంచెం చిన్నచూపు ఉండనే ఉంటుంది. కాని తడి నేలలో, కొన్న గుర్రాలతో, ఒక జమీందారు 500 గుర్రాలను మేపడం ఎంత ఖర్చో ఓర్మ్ గారు లెక్క వెయ్యలేదు. ఆ యుద్ధంలో గెలుపు ఇంగ్లీషువాళ్ళది. అక్కడినుంచే ఫ్రెంచివాళ్ళ కాలు ఈ సీమలో జారింది.

కుంఫిణీ దొరలు స్థిరపడ్డాక మంచి గుర్రాల కోసం చాలా దూరం పోయారు. 1830ల నుంచి ఆస్ట్రేలియా గుర్రాలు ఓడల్లో మద్రాసు, కలకత్తా రేవులకు దిగాయి. న్యూ సౌత్ వేల్స్ అనే చోటి నుంచి వచ్చాయి గనక వాటిని వేలర్లు అన్నారు. ఎత్తు 15, 16 చేతులు. రేవులో దిగగానే కర్ర పెట్టి కొలిచి, నప్పినవి సైన్యానికి తీసుకునేవాళ్ళు. విజయనగరంలో కంటోన్మెంటు అనే పేట ఇప్పటికీ ఉంది. అక్కడ కుంఫిణీ పల్టను ఉండేది. కాలిబంట్ల పల్టను అయినా దొరలు ఎక్కడానికి గుర్రాలు ఉండేవి.

ఆ గుర్రాలకు మేత ఎవరు తెచ్చారు? ఈ సంగతి చరిత్ర పుస్తకాల్లో ఒక మూల ఉంటుంది. ఆ రోజుల్లో ఒక గుర్రానికి ఇద్దరు నౌకర్లు. ఒకడు గుర్రాన్ని తోమి, జీను కట్టేవాడు. ఇంకొకరు గడ్డి కోసి తెచ్చేవాళ్ళు. 1886లో అచ్చయిన ఒక నిఘంటువు ఉంది. తెల్లవాళ్ళు మన దేశంలో వాడిన మాటలకు అర్థాలు చెప్పే పుస్తకం. దాంట్లో గడ్డి కోసే నౌకరు గురించి రాశారు. ఉత్తరాదిన ఆ పని మగవాడిదట. దక్షిణాదిన గుర్రం చూసే నౌకరు పెళ్ళాందట.

చూశారా! దొర గుర్రానికి పేరుంది. దొరకు పేరుంది. గుర్రం ఎత్తు అంగుళంతో సహా చిట్టాలో ఉంది. రోజూ కొడవలి పట్టుకుని గట్ల వెంబడి తిరిగి, 30 కిలోల మోపు నెత్తిన పెట్టుకుని వచ్చిన ఆడమనిషి పేరు ఎక్కడా లేదు. ఎండాకాలంలో గడ్డి ఉండదు. గరికను వేళ్ళతో సహా గీకి, మట్టి దులిపి, కడిగి తేవాలి. మట్టితో తింటే గుర్రానికి కడుపునొప్పి వస్తుంది. గుర్రానికి కడుపునొప్పి చిన్న సంగతి కాదు. అది కక్కుకోలేదు. ఒక్కోసారి చచ్చిపోతుంది. అప్పుడు మాట పడేది ఎవరు? గడ్డి తెచ్చినమ్మ.

గింజల సంగతి కూడా మన వంటింటిదే. దక్షిణాదిన గుర్రాలకు ఉలవలు ఉడకబెట్టి పెట్టేవాళ్ళు. ఉలవలకు ఇంగ్లీషులో పేరే 'హార్స్ గ్రామ్', అంటే గుర్రపు గింజ. మన మెట్ట చేలలో వానలు వెనకబడ్డాక చల్లే ఉలవలే ఇవి. గుగ్గిళ్ళు గుర్రానికి, నీళ్ళు చారుకు. ఇప్పుడు పెళ్ళిళ్ళలో ఉలవచారు గొప్ప వంటకం అయింది. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని సామెత. యుద్ధం ఉన్నా లేకపోయినా గుర్రం రోజూ తింటుంది. ఎక్కేవాడు ఏడాదికి నాలుగు రోజులు పోరాడతాడేమో. మేపేవాళ్ళకు ఏడాది పొడవునా పనే.

తరవాత మరతుపాకులు వచ్చాయి. నిమిషానికి వందల గుండ్లు. 15 చేతుల గుర్రం అంటే 15 చేతుల గురి. పెద్దదైన కొద్దీ తగలడం తేలిక. ఏ ఎత్తు కోసం ఇన్నాళ్ళు డబ్బు పోశారో ఆ ఎత్తే చేటు అయింది. అయినా మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918 సెప్టెంబరు 23న, పాలస్తీనాలో హైఫా అనే ఊరిని మన దేశపు రౌతులు గుర్రాల మీద దూకి పట్టుకున్నారు. జోధ్‌పూరు, మైసూరు దళాలు దాడి చేశాయి. ఆ దండులోనే మన హైదరాబాదు దళం కూడా ఉంది. ఢిల్లీలో తీన్‌మూర్తి కూడలిలో మూడు సిపాయి బొమ్మలు ఉన్నాయి. ఆ మూడు దళాలకు గుర్తుగా 1922లో నిలబెట్టారు. గుర్రాల మీద గెలిచిన వాళ్ళే. బొమ్మలు మాత్రం నేల మీద నిలబడి ఉంటాయి.

ఆ తరవాత గుర్రాల స్థానంలో మోటార్లు, టాంకులు వచ్చాయి. మన సైన్యంలో గుర్రాల కోసమే 1953లో 61వ అశ్విక దళం ఏర్పడింది. గణతంత్ర దినం కవాతులో టీవీలో కనిపించింది అదే.

మన కొండల్లో మాత్రం గుర్రం పని వేరు. పాడేరు, జి.మాడుగుల, చింతపల్లి వైపు బండి పోని ఊళ్ళు ఉన్నాయి. అక్కడ గిరిజనులు చిన్న తట్టువల మీద పసుపు, అల్లం, మిరియాలు సంతకు తెస్తారు. తిరిగి పోయేటప్పుడు ఉప్పు, బియ్యం వేసుకుని పోతారు. ఆ తట్టువలు ఏ దండుకూ పనికిరావు. ఏ ఓర్మ్ గారికీ నచ్చవు. ఏటవాలు దారిలో, రాళ్ళ మీద, వానలో అవే నిలబడతాయి. పెద్ద వేలరును తెచ్చి ఆ దారిలో వదిలితే మొదటి మలుపులోనే కాలు విరగ్గొట్టుకుంటుంది.

మీ ఊళ్ళో గుర్రం లేకపోతే ఆవునో పెయ్యనో కొలవండి. పద్ధతి అదే. ఆవుకు మూపురం కొస కాదు, మూపురం వెనక వీపు దగ్గర కొలవాలి. నాలుగు అడుగుల వెదురు కర్ర తీసుకుని అంగుళం అంగుళానికి గీత పెట్టండి. కుట్టుపని టేపు ఉంటే గీతలు తేలిక. పశువును గట్టి నేల మీద నిలబెట్టండి. ఒకరు మెడ నిమురుతూ పట్టుకోవాలి. ఒకరు కర్ర నిలువుగా పట్టుకోవాలి. ఇంకొకరు వీపు మీద చదునైన బద్ద ఆనించి అంకె చదవాలి. 43 అంగుళాలు వచ్చిందనుకోండి. నాలుగుతో భాగిస్తే 10, శేషం 3. పది చేతుల మూడు అంగుళాలు. పలక మీద 10.3 అని రాయండి. పక్కన ఆవు రంగు, చుక్కలు, కొమ్ముల తీరు, కొలిచిన తేదీ, కొలిచినామె పేరు రాయండి.